కొత్త డెస్క్‌టాప్‌కి మారేటప్పుడు: అపోహలు - వాస్తవాలు

లినక్స్ మెషీన్లు చూసుకోవడం నా పని. ఇక్కడ డెస్క్‌టాప్ అంటే కంప్యూటర్ పెట్టె కాదు, లినక్స్‌లో తెర మీద మనకు కనిపించే భాగం. ఎవరికైనా కొత్త డెస్క్‌టాప్ వేసిపెట్టడానికి కూర్చుంటే, "నా ఫైళ్లేం పోవు కదా?" అని ముందే అడుగుతారు. పోవు. కాకపోతే ఎవరూ అడగని చోట్ల కొన్ని పేచీలు వస్తాయి. ఈ పోస్టు ఎక్కువగా వాటి గురించే.

అపోహ: డెస్క్‌టాప్ మార్చాలంటే డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకం) మార్చాలి, అంటే మళ్లీ ఇన్‌స్టాలేషన్.

ఉబుంటు అంటే గ్నోమ్ డెస్క్‌టాప్, మింట్ అంటే సినమన్ డెస్క్‌టాప్ అని మనసులో పడిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ప్యానెల్, విండో మేనేజర్, ఫైల్ మేనేజర్, సెట్టింగ్స్ లాంటి కొన్ని ప్రోగ్రాములు కలిపితే డెస్క్‌టాప్. కింద ఉన్న కెర్నెల్, డ్రైవర్లు, మీ ఫోటోలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఉబుంటు, డెబియన్, ఫెడోరా దేంట్లోనైనా కేడీఈ వాళ్ల డెస్క్‌టాప్ అయిన ప్లాస్మా ప్యాకేజీలు వేసుకుని, లాగౌట్ అయి, లాగిన్ స్క్రీన్ మీద సెషన్ మార్చుకుంటే సరిపోతుంది. గ్నోమ్ వాళ్ల లాగిన్ స్క్రీన్‌లో మాత్రం మీ పేరు మీద క్లిక్ చేశాకే కింద మూలన చిన్న గేరు బొమ్మ వస్తుంది. "ఇన్‌స్టాల్ అయింది గానీ రావట్లేదు" అని నాకొచ్చే ఫోన్లలో సగం ఆ గేరు బొమ్మ కనపడకే.

డెబియన్, ఉబుంటులో మధ్యలో ఒక తెర వచ్చి, లాగిన్ స్క్రీన్‌కి గ్నోమ్ వాళ్ల జీడీఎం కావాలా, ప్లాస్మాతో వచ్చే ఎస్‌డీడీఎం కావాలా అని అడగొచ్చు. టెన్షన్ పడకండి. ఏది ఎంచుకున్నా రెండు డెస్క్‌టాప్‌లూ పనిచేస్తాయి, తర్వాత మార్చుకోవచ్చు కూడా.

అపోహ: రెండు డెస్క్‌టాప్‌లు పక్కపక్కన ఉంటే ఏ ఇబ్బందీ ఉండదు.

సగమే నిజం. ప్రోగ్రాములు వేరైనా హోమ్ ఫోల్డర్ ఒకటే. సెట్టింగ్స్ చాలావరకు అందులో దాగి ఉండే డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోనే కలిసి ఉంటాయి. ప్లాస్మా తన రంగులు, కర్సర్ గ్నోమ్ యాప్‌లకు కూడా అమర్చుదామని వాటి సెట్టింగ్స్ ఫైళ్లలో రాసేస్తుంది. అది దాని మంచితనమే. కానీ రెండు రోజులాగి మీరు గ్నోమ్‌కి తిరిగొస్తే బటన్లు, రంగులు ఏదోలా కనిపిస్తాయి. మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెర్మినళ్లు చేరతాయి. ఫోల్డర్ తెరిస్తే ఒక్కోసారి రెండో డెస్క్‌టాప్‌ది తెరుచుకుంటుంది.

వీటన్నిటికంటే ఇబ్బంది పెట్టేది బ్రౌజర్. క్రోమియం రకం బ్రౌజర్లు పాస్‌వర్డ్‌లను లాక్ చేసే తాళంచెవిని గ్నోమ్‌లో గ్నోమ్ కీరింగ్‌లోనూ, ప్లాస్మాలో కేవాలెట్‌లోనూ (రెండూ రహస్యాలు భద్రపరిచే పెట్టెల్లాంటివి) దాచుకుంటాయి. డెస్క్‌టాప్ మారగానే పాత తాళంచెవి దొరకదు. సైట్లన్నీ మళ్లీ లాగిన్ అడుగుతాయి, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు కనిపించవు. ఒకసారి నాకే ఇలా జరిగితే, ఎవరో అకౌంట్లలోకి చొరబడ్డారేమోనని అరగంట కంగారుపడ్డాను. మారే ముందే పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, పని అయ్యాక ఆ ఫైలు తీసేయండి.

అందుకే కొత్త డెస్క్‌టాప్‌ని నేను ముందు కొత్త యూజర్ అకౌంట్‌లో పెట్టి చూస్తాను. రెండు నిమిషాల పని. నచ్చకపోతే ఆ అకౌంట్ తీసేస్తే సెట్టింగ్స్ చెత్తంతా దాంతోనే పోతుంది.

అపోహ: వద్దనుకుంటే ఒక్క కమాండ్‌తో తీసేయొచ్చు.

మీరు వేసింది మెటా ప్యాకేజీ, అంటే వందల ప్యాకేజీలను లాక్కొచ్చే ఒక ఖాళీ సంచి. సంచి తీసేస్తే సరుకు అక్కడే ఉంటుంది. అనవసరమైనవి తీసేయమని ఆటోరిమూవ్ కొడితే ఆ జాబితా చదవకుండా ఎంటర్ నొక్కొద్దు. మీకు కావాల్సినవి కూడా అందులో ఉండొచ్చు. ఫెడోరాలో అయితే ప్యాకేజీలు వేసే ప్రోగ్రాము డీఎన్‌ఎఫ్ హిస్టరీ చూసి ఆ ఇన్‌స్టాలేషన్ ఒక్కదాన్నే వెనక్కి తిప్పొచ్చు. డెబియన్, ఉబుంటులో అదే పని చేసే ఏపీటీ హిస్టరీ లాగ్ తెరిస్తే ఆ రోజు ఏమేం వచ్చాయో పేర్లతో సహా ఉంటుంది.

అపోహ: ప్లాస్మా బరువు, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేస్తే పాత కంప్యూటర్ పరుగెడుతుంది.

2008లో కేడీఈ 4తో ప్లాస్మా వచ్చిన కొత్తలో పడిన ముద్ర ఇంకా పోలేదు. ఇప్పటి ప్లాస్మా ర్యామ్ విషయంలో గ్నోమ్ కంటే బరువేమీ కాదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలికే, 2 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో ఆ తేడా తెలుస్తుంది. 8 జీబీ ఉన్నచోట మాత్రం డెస్క్‌టాప్ మిగిల్చింది నాలుగు బ్రౌజర్ ట్యాబులు మింగేస్తాయి. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే వేగం ఏ డెస్క్‌టాప్ మార్చినా రాదు.

అపోహ: గ్నోమ్‌ని మార్చుకోలేం, ప్లాస్మాని ఎలాగైనా మార్చుకోవచ్చు.

గ్నోమ్‌ని ఎక్స్‌టెన్షన్లతో (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములతో) చాలానే మార్చుకోవచ్చు. నిలబెట్టుకోవడమే కష్టం. ఆరు నెలలకో కొత్త వెర్షన్ వస్తుంది, ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్లు దానికి తగ్గట్టు మార్చేదాకా ఆ ఎక్స్‌టెన్షన్ ఆగిపోతుంది. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు మాడ్యూళ్లు లోడయ్యే పద్ధతే మారి, ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నిటినీ సవరించాల్సి వచ్చింది. మూడు నాలుగు ఎక్స్‌టెన్షన్లు లేకపోతే గ్నోమ్ వాడలేననిపిస్తే, నా ఉద్దేశంలో మీకు కావాల్సింది ప్లాస్మానో సినమనో.

అపోహ: థీమ్ అంటే రంగులే కదా, ఏది వేసుకుంటే ఏముంది?

రూపం మొత్తాన్ని ఒకేసారి మార్చే ప్లాస్మా గ్లోబల్ థీమ్‌లో కోడ్ కూడా ఉంటుంది, అది మీ అకౌంట్ అధికారంతోనే నడుస్తుంది. 2024 మార్చిలో అలాంటి థీమ్ ఒకటి ఇన్‌స్టాల్ చేసిన యూజరు ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బయటివాళ్లు పెట్టే థీమ్‌లతో జాగ్రత్త అని కేడీఈ వాళ్లే హెచ్చరించారు. కలర్ స్కీమ్, ఐకాన్లు, వాల్‌పేపర్ విడివిడిగా తెచ్చుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

అపోహ: ప్యానెల్ పాడైతే మళ్లీ ఇన్‌స్టాలేషనే గతి.

పాడయ్యేది ఒక సెట్టింగ్స్ ఫైలు. ప్లాస్మాలో ప్యానెళ్లు, విడ్జెట్ల వివరాలన్నీ డాట్ కాన్ఫిగ్‌లో "యాప్‌లెట్స్‌ఆర్‌సీ" అని ముగిసే ఫైల్లో ఉంటాయి. దాని పేరు మార్చి మళ్లీ లాగిన్ అయితే ప్యానెల్ మొదట్లో ఉన్నట్టే వస్తుంది. ఈ పని లాగౌట్ అయ్యాక, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వచ్చే టెక్స్ట్ కన్సోల్‌లో చేయాలి. డెస్క్‌టాప్ నడుస్తుండగా మారిస్తే, అది మూసుకునేటప్పుడు పాత వివరాలే మళ్లీ రాసేయొచ్చు. గ్నోమ్‌లో అయితే డీకాన్ఫ్ (గ్నోమ్ సెట్టింగ్స్ దాచే చోటు) రీసెట్ కమాండ్‌తో షెల్, అంటే ప్యానెల్ లాంటివి చూపే భాగం, సెట్టింగ్స్ వరకే వెనక్కి తేవచ్చు. ఆ కమాండ్‌లో దారి (ఏ సెట్టింగ్స్ అన్నది చెప్పే పాత్) పూర్తిగా ఇవ్వండి. దారి బదులు ఒట్టి స్లాష్ ఇస్తే డీకాన్ఫ్‌లో ఉన్న అన్ని యాప్‌ల సెట్టింగ్స్ ఒకేసారి పోతాయి.