బయాలజిక్ ఇంజెక్షన్లు తగ్గించడం: క్రోన్స్, కోలైటిస్ ఉన్నవాళ్లలో అపోహలు – వాస్తవాలు

క్రోన్స్, కోలైటిస్ అంటే పేగుల్లో వాపు, పుళ్లు వచ్చే దీర్ఘకాలిక జబ్బులు. ఆ వాపును తెచ్చే రోగనిరోధక శక్తిని అణిచే ఇంజెక్షన్లే బయాలజిక్‌లు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో తెల్లవారుజామున రైలెక్కి చెన్నై వచ్చి ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు, జబ్బు అదుపులోకి రాగానే 'ఇంకెన్నాళ్లండీ?' అని అడుగుతారు. అడగాల్సిన మాటే. మందు ఖరీదు, రాకపోకల శ్రమ, పైగా రోగనిరోధక శక్తి తగ్గి టీబీ వస్తుందేమోనన్న భయం.

అపోహ: నొప్పి లేదు, రక్తం పడటం లేదు. పేగు మానినట్టే.

వాస్తవం: క్రోన్స్‌లో మనిషి హాయిగా తిరుగుతున్నా చిన్నపేగు చివర పుళ్లు ఉండొచ్చు. ఇంజెక్షన్ తగ్గించాలంటే స్టీరాయిడ్ లేకుండా కనీసం ఆరేడు నెలలు, వీలైతే ఏడాది, జబ్బు నెమ్మదించి ఉండాలి. కొలనోస్కోపీలో పుళ్లు కనబడకూడదు. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్త పరీక్ష) మామూలుగా, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) గ్రాముకు 150 మైక్రోగ్రాముల లోపు ఉండాలి. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ వేసుకునే రోజుల్లో ఈ అంకె ఉత్తినే పెరగొచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. మలద్వారం పక్కన ఫిస్టులా (చీము కారే దారి) ఉన్నవాళ్ల విషయంలో మేం డాక్టర్లం తొందరపడం.

అపోహ: తగ్గించడమంటే ఇంజెక్షన్ పెన్నులో సగం మందే వేసుకోవడం.

వాస్తవం: అడాలిముమాబ్ (చర్మం కింద వేసుకునే బయాలజిక్) పెన్ను ఒక్కసారికే. నొక్కితే 40 మిల్లీగ్రాములూ వెళ్లిపోతాయి. పెంచేది మందుకీ మందుకీ మధ్య ఎడం. క్రోన్స్ రోగులపై నెదర్లాండ్స్‌లో జరిగిన లాడీ అధ్యయనంలో రెండు వారాల ఎడాన్ని మూడుకు, 24 వారాలు బాగుంటే నాలుగుకు పెంచారు. 48 వారాల్లో జబ్బు తిరగబెట్టి తగ్గకుండా నిలిచిపోయింది నూటికి ముగ్గురికే. కడుపు ఇబ్బందులు మాత్రం కొంత పెరిగాయి.

అపోహ: ఖరీదైన ఇంజెక్షన్ మానేసి, రోగనిరోధక శక్తిని అణిచే అజథయోప్రిన్ మాత్ర ఉంచుకుంటే చాలు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ లెక్కే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ (సెలైన్‌తో ఎక్కించే బయాలజిక్), ఇలాంటి మాత్ర రెండూ వాడుతున్న క్రోన్స్ రోగులపై చేసిన స్పేర్ అధ్యయనం 2023లో వెలువడింది. రెండేళ్లలో తిరగబెట్టింది, రెండూ కొనసాగించినవాళ్లలో 14 శాతం, ఇంజెక్షన్ ఆపినవాళ్లలో 36, మాత్ర ఆపినవాళ్లలో 10. ఒకటి మానాల్సి వస్తే ముందు చూడాల్సింది మాత్ర వైపు.

అపోహ: పెళ్లిళ్ల సీజన్లో ఒక సెలైన్ డోసు తప్పిపోతే అదీ తగ్గించినట్టే.

వాస్తవం: కాదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎనిమిది వారాలకోసారి ఎక్కాలి. తోచినట్టు నెలలు వదిలేస్తే ఒంట్లో మందుకు యాంటీబాడీలు పుడతాయి. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆయాసం, దద్దుర్లు రావచ్చు, మందూ పనిచేయకపోవచ్చు.

ఎండాకాలం పెన్ను ఊరికి తీసుకెళ్లేటప్పుడు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచండి, ఐసు ప్యాకుకు మాత్రం ఆనించకండి. మధ్యలో తువ్వాలు మడిచి పెట్టండి. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక చూడటానికి బాగున్నా పనికిరాదు. అది వేసుకుంటే డోసు తప్పినట్టే.

ఎడం పెంచాక రెండు మూడు నెలలకోసారి కాల్‌ప్రొటెక్టిన్ చూడాలి. 250 దాటితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా కొద్ది వారాల్లో మళ్లీ చేసి, అప్పుడూ ఎక్కువే ఉంటే పాత ఎడానికి వెళ్లాలి. విరేచనాలు మొదలైతే ముందు మలంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్షించాలి. అమీబా, క్లాస్ట్రిడియం డిఫిసీల్ అనే బాక్టీరియా అచ్చం జబ్బు తిరగబెట్టినట్టే కనిపిస్తాయి.