అరటి గింజకి పగటి ఎండ చాలదు, రాత్రి చలీ కావాలి

మనం రోజూ తినే అరటిని గింజ వేసి పెంచడం కుదరదు. కర్పూర చక్కెరకేళి కానివ్వండి, బొంత కానివ్వండి, ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే జీ-నైన్ కానివ్వండి, పండు మధ్యలో ఉండే ఆ నల్ల చుక్కలు ఫలదీకరణ జరగక ఎండిపోయిన అండాలు. ఈ రకాలకి క్రోమోజోములు మూడు వరసలు, వరసకి 11 చొప్పున 33. అడవి అరటికి రెండే వరసలు, అంటే 22. రెండైతే సగం సగం పంచుకోవచ్చు, మూడింటిని సమంగా పంచడం ఎలా? అందుకే పుప్పొడీ అండాలూ సరిగ్గా తయారవవు, గింజ కట్టదు, అయినా కాయ మాత్రం ఊరుతుంది. తరతరాలుగా రైతులు ఏరి ఏరి పిలకలతో నిలబెట్టుకున్న లక్షణం అది.

గింజ కావాలంటే అడవి అరటి దగ్గరికే వెళ్లాలి. ఒడిశాలో మా కోరాపుట్ వైపు అది పెద్ద పనేం కాదు. తూర్పు కనుమల్లో వాగుల పక్కన మ్యూసా బాల్బిసియానా అనే జాతి పెరుగుతుంది, పండు ఒలిచి కొరికితే నోటినిండా మిరియాలంత నల్ల గింజలే, గుజ్జు పేరుకి మాత్రమే. అస్సాంలో గింజలుండే భీమ్ కోల్ పండు గుజ్జుని పసిపిల్లలకి పెడతారు, మనవైపు ఆ అలవాటు లేదు. ఈ జాతి పువ్వు కిందికి వేలాడుతుంది, రాత్రి పూట గబ్బిలాలు తేనె కోసం వచ్చి పుప్పొడి మోస్తాయి, తర్వాత పండు తిని గింజలు చల్లేది కూడా ఎక్కువగా అవే. మన బొంత అరటిలో మూడింట రెండు వంతులు ఈ బాల్బిసియానా రక్తమే. నీళ్లు తక్కువైనా, చలి కాస్త ఎక్కువైనా బొంత తట్టుకుని నిలబడడానికి ఒక కారణం అదే.

గింజల గోల ఎందుకు, పిలక ఉండగా అనొచ్చు. సునాబెడ నుంచో రాయగడ నుంచో కెనడా, ఇంగ్లాండు వెళ్లిన పిల్లలు పెరట్లో అరటి పెట్టాలని ఉందంటారు, పిలకని సూట్‌కేసులో పెట్టి పంపడం చట్టానికీ మంచిది కాదు, ఆ దేశంలోని తోటలకీ మంచిది కాదు. పిలకతో పాటు పనామా తెగులు, బంచీ టాప్ వైరస్ లాంటివి ప్రయాణం చేస్తాయి. గింజలకీ ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు, అందుకే చాలామంది అక్కడే నర్సరీల్లో పాకెట్టు కొంటారు. కొన్న తర్వాత రెండు వారాలు చూసి, మోసపోయామని పారేస్తారు. అక్కడే పొరపాటు.

అరటి గింజ తొందరపడే రకం కాదు. పెంకు చాలా గట్టి, లోపల తెల్లటి పిండి, ఒక చివర చిన్న మూత, మొలక ఆ మూతని తోసుకుని బయటికి రావాలి. మూడు వారాల్లో వచ్చేవి ఉన్నాయి, ఆరు నెలలు దాటాక వచ్చేవీ ఉన్నాయి. వెచ్చగా ఉంచాలని అందరికీ తెలుసు కాబట్టి హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప) మీద పెట్టి రాత్రింబవళ్లు ముప్ఫై డిగ్రీల దగ్గర ఉంచేస్తారు. బాల్బిసియానా లాంటి అడవి జాతుల గింజలు అలా ఒకే వేడిలో ఉంచితే చాలావరకు కదలవు. పగలు 30–35 డిగ్రీలు, రాత్రి 20 దగ్గరికి దిగాలి, ఆ ఎక్కడం దిగడం రోజూ జరగాలి, అప్పుడు మొలుస్తాయి.

ఎందుకంటే గింజ చూస్తున్నది వేడిని కాదు, తేడాని. దట్టమైన అడవి కింద నేల పగలూ రాత్రీ దాదాపు ఒకేలా ఉంటుంది, అక్కడ మొలిస్తే నీడలోనే చచ్చిపోవాలి. పెద్ద చెట్టు కూలినా, కొండ చరియ జారినా, పోడు కోసం చెట్లు కొట్టినా ఆ చోట నేల మీద ఎండ పడుతుంది, మధ్యాహ్నం కాలుతుంది, రాత్రి చల్లబడుతుంది. మట్టిలో నిద్రపోతున్న గింజకి ఆ తేడానే కబురు: పైన ఖాళీ ఉంది, వెలుతురు ఉంది, లేవొచ్చు. పాత పోడు చెలకల్లో అడవి అరటి గుంపులుగా లేవడం చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

కాబట్టి మ్యాట్‌కి ఓ టైమర్ పెట్టి రాత్రి ఆపేస్తే సరిపోతుంది. మార్చిలో జయపురం మేడ మీద అయితే టైమరూ అక్కర్లేదు, మ్యాటూ అక్కర్లేదు. గుజ్జు పూర్తిగా కడిగేయాలి, లేకపోతే బూజు పడుతుంది. ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, కోకోపీట్‌లో (కొబ్బరి పొట్టులో) ఓ సెంటీమీటరు లోతున వేసి, తడి ఆరకుండా, అలాగని బురద కాకుండా చూడాలి. గరుకు కాగితంతో పెంకు అరగదీయమని సలహాలిస్తుంటారు. నా ఉద్దేశంలో దానికంటే ఓపిక ఎక్కువ పని చేస్తుంది.

చలి దేశాలకి ఏ జాతి? మంచు పడే చోట నేలలో నిలిచేది మ్యూసా బాస్జూ, పుట్టింది దక్షిణ చైనాలో, జపాన్‌లో నార కోసం పెంచారు. కాయ తినడానికి పనికిరాదు. సిక్కిం, డార్జిలింగ్ కొండల మ్యూసా సిక్కిమెన్సిస్ కూడా గింజతో బాగా వస్తుంది. గులాబీ రంగు కాయలతో, పండగానే తనంతట తనే తొక్క విచ్చుకునే మ్యూసా వెలుటినా ముచ్చటగా ఉంటుంది, కుండీలో పెంచుకోవచ్చు. మహారాష్ట్ర సహ్యాద్రి బండల మీద కనిపించే ఎన్‌సెటే సూపర్బమ్‌కైతే పిలకలే రావు, గింజ ఒక్కటే దారి. ఒకసారి కాసి చచ్చిపోతుంది.

ఇక చలికాలం గట్టెక్కించడం. ఇక్కడ అరటి శరీర నిర్మాణం తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మనం చెట్టు అనేది నిజానికి ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు డొప్పలు. అసలు కాండం నేలలో ఉన్న దుంప. ఆకులు పుట్టించే మొగ్గ కూడా ఎక్కువ కాలం దుంప పైభాగంలోనే, నేల మట్టానికి దగ్గరగా ఉంటుంది, పువ్వు కట్టే సమయానికే డొప్పల మధ్య నుంచి పైకి ఎక్కుతుంది. అందుకే గెల వేయని అరటిని సగానికి నరికితే సాయంత్రానికి మధ్య నుంచి లేత ఆకు వేలెడు పైకి వచ్చి ఉంటుంది. చలి ఆకుల్ని కాల్చినా, డొప్పల్ని కుళ్లబెట్టినా, దుంప బతికితే మొక్క బతికినట్టే.

అయితే పై భాగం పోతే మళ్లీ ముప్ఫై నలభై ఆకులు వేసుకుంటే గాని పువ్వు రాదు, చలి దేశపు వేసవి అంత పొడుగు ఉండదు. ఆకుల అందం చాలనుకుంటే దుంప మీద ఎండుటాకులు అడుగు మందాన పోస్తే చాలు, బాస్జూ దుంప ఆ కప్పు కింద మైనస్ 10 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటుంది. పువ్వు చూడాలనుకుంటే మొదటి మంచుకి ఆకులు కోసేసి, చుట్టూ ఇనుప వల కట్టి, లోపల గడ్డి కూరి, పైన వాన పడకుండా మూత పెట్టాలి. చలి కంటే తడి ప్రమాదం. తడి గడ్డి లోపల డొప్పలు కుళ్లి ఆ కుళ్లు దుంపలోకి దిగుతుంది. కుండీ మొక్కల్ని ఇంట్లోకి తెచ్చి నీళ్లు బాగా తగ్గించాలి, లేదంటే దుంప తవ్వి, మట్టి దులిపి, గడ్డకట్టని చల్లటి పొడి చోట వసంతం దాకా ఉంచాలి.

తినే అరటిని ఇలా కాపాడడం దాదాపు అసాధ్యం, దానికి గాజు ఇల్లే కావాలి. జీ-నైన్ పుట్టిన కావెండిష్ వంశానికి ఆ పేరు కూడా అలాగే వచ్చింది: ఇంగ్లాండులో ఒక డ్యూక్ కుటుంబం పేరు అది, వాళ్ల తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ వేడి గాజింట్లో పెంచితే 1835లో పూసింది.

మా కోరాపుట్ కొండల్లోని సెమిలిగుడ, పొట్టంగి చలికి గడ్డీ వలా అవసరం లేదు. కానీ 14 డిగ్రీల కిందికి దిగితే అరటి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. గెల సరిగ్గా డిసెంబర్, జనవరిల్లో బయటికి రావాల్సి వస్తే గొంతులోనే ఇరుక్కుంటుంది, కాయలు సరిగ్గా విచ్చుకోవు. నాటే నెల ఆ లెక్క చూసుకుని ఎంచుకోవాలి, జీ-నైన్ వేసేవాళ్లు మరీను.

చలి దేశంలో మంచు పూర్తిగా తగ్గాక కప్పు తీస్తే నల్లగా మెత్తబడిన మోడు కనిపిస్తుంది. చూసి పారేయొద్దు. పై నుంచి చక్రాల్లా కోసుకుంటూ రండి, తెల్లగా గట్టిగా ఉన్న చోట ఆగండి. నేల దాకా మెత్తగా, వాసన వస్తూ ఉంటే దుంపని వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఇంకో నెల ఆగండి, పక్క నుంచైనా పిలక వస్తుంది.