నెల తప్పిన రోజున కిట్‌కు అందనిది

జూన్ 1న నెలసరి మొదలైందనుకుందాం. 28 రోజుల లెక్కన మళ్లీ 29న రావాలి. రాలేదు. 30న పొద్దున్నే గర్భ నిర్ధారణ కిట్ పెట్టి చూస్తే ఒక్కటే గీత. ‘లేదులే’ అనుకుని దాన్ని చెత్తబుట్టలో పడేస్తారు. అదే మనిషి జులై 7న మళ్లీ చూసుకుంటే రెండు గీతలు పడొచ్చు. మొదటిసారి కిట్ చెడిపోయిందేమీ కాదు. అది వెతికే పదార్థం ఆ రోజుకు మూత్రంలోకి సరిపడా రాలేదు, అంతే.

ఆ పదార్థం హెచ్‌సీజీ అనే హార్మోన్. కలిసిన రోజున పుట్టేది కాదు. పిండం గర్భాశయం గోడకు అతుక్కున్నాకే అది తల్లి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి చేరుతుంది. కాబట్టి టెస్టు ఎప్పుడు చేయాలన్నది పిండం ఎప్పుడు అతుక్కుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం ఒంట్లో ఐదు రోజుల దాకా ఉండగలవు. రెండూ కలిసేది గర్భాశయంలో కాదు, అండవాహికలో. అక్కడ మొదలైన పిండం విభజన చెందుతూ మూడు నాలుగు రోజుల్లో గర్భాశయంలోకి దిగుతుంది. ఐదో రోజుకు నీరు నిండిన చిన్న బుడగలా తయారవుతుంది. దాన్నే బ్లాస్టోసిస్ట్ అంటారు. చుట్టూ ఉన్న పొరను చీల్చుకుని బయటికొచ్చాకే అది గోడను పట్టుకోగలదు. ఈలోపు అండాశయంలో అండం వదిలి వెళ్లిన చోట ఏర్పడిన కార్పస్ లూటియం ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తయారుచేస్తూ గర్భాశయం లోపలి పొరను నిలబెడుతుంది. దాని ఆయుష్షు రెండు వారాలు. ఆ గడువులోగా పిండం నుంచి హెచ్‌సీజీ అందితే కొనసాగుతుంది. అందకపోతే అది వాడిపోతుంది, పొర రాలిపోతుంది, నెలసరి వచ్చేస్తుంది.

ఈ గడువుతో పిండం ఎంత దగ్గరగా పోటీ పడుతుందో అమెరికాలోని నార్త్ కరోలినాలో జరిగిన ఒక అధ్యయనం చూపించింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న 221 మంది స్త్రీలు రోజూ మూత్రం నమూనా ఇచ్చారు. అలెన్ విల్‌కాక్స్ బృందం 1999లో ఆ ఫలితాలను ప్రచురించింది. ఆరు వారాలు, అంతకు మించి నిలిచిన గర్భాల్లో హెచ్‌సీజీ మొదటిసారి కనిపించింది అండం విడుదలయ్యాక 6 నుంచి 12 రోజుల మధ్య. వాటిలో 84 శాతం 8, 9, 10 రోజుల్లోనే. ఆలస్యమైన కొద్దీ గర్భం నిలిచే అవకాశం తగ్గింది. తొమ్మిదో రోజులోపు అతుక్కున్న వాటిలో 13 శాతం తొలి వారాల్లోనే పోతే, పదో రోజున 26, పదకొండో రోజున 52, ఆ తర్వాత 82 శాతం పోయాయి. అదే బృందం 2001లో చెప్పిన మరో సంగతి మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది: నెలసరి రావాల్సిన రోజుకు పదింటిలో ఒక గర్భం ఇంకా అతుక్కోనే లేదు. ఎంత ఖరీదైన కిట్ కొన్నా ఆ రోజున దాన్ని పట్టుకోలేదు.

అతుక్కున్నాక హెచ్‌సీజీ వేగంగా పెరుగుతుంది. మొదట్లో ఇంకా చురుగ్గా, తర్వాత సుమారు రెండు రోజులకోసారి రెట్టింపు అవుతుంది. మందుల షాపుల్లో దొరికే మామూలు కిట్‌లు చాలావరకు మిల్లీలీటరుకు 25 మిల్లీయూనిట్ల దగ్గర స్పందిస్తాయి. ఇవాళ 3 మిల్లీయూనిట్లు ఉండి, ఒకటిన్నర రోజుకోసారి రెట్టింపు అయిందనుకుంటే 6, 12, 24. అంటే నాలుగున్నర రోజులు. అండం విడుదలైన తొమ్మిదో రోజున అతుక్కున్న పిండానికి రెండో గీత పడేది పదమూడు, పద్నాలుగు రోజుల నాటికి. పన్నెండో రోజున అతుక్కుంటే నెల తప్పి రెండు మూడు రోజులైనా ఆ గీత పడదు.

ఇదంతా 28 రోజుల వాళ్ల లెక్క. 35 రోజులకోసారి వచ్చేవాళ్లకు అండం విడుదల సుమారు జూన్ 22న. పిండం అతుక్కునేది నెలాఖరుకి. అందరితో పాటు 30న టెస్టు చేసుకుంటే అదో దండగ. జులై 6 దాటాలి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సక్రమంగా విడుదల కాని సమస్య) వల్ల నెలసరి ఎప్పుడొస్తుందో తెలియని వాళ్లు తేదీని పట్టుకుని కూర్చోకుండా చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టుకోవడం మేలు. వీర్యకణాల ఐదు రోజులు, పిండానికి పన్నెండు, హార్మోన్ పెరగడానికి మరో నాలుగు అందులో కలిసొస్తాయి.

కిట్ ఎక్కువగా తప్పేది వాడే తీరులోనే. ఎక్స్‌పైరీ తేదీ చూసి, వాడే ముందే కవరు చింపాలి. గాలి తేమకు పట్టీ పాడవుతుంది. తొలి రోజుల్లో నిద్ర లేవగానే వచ్చే మూత్రమే వాడాలి, రాత్రంతా చిక్కబడి ఉంటుంది కాబట్టి. ముందు లీటరు నీళ్లు తాగితే పలచబడుతుంది. డ్రాపర్‌తో ‘ఎస్’ అని రాసిన గుంటలో కిట్ మీద చెప్పినన్ని చుక్కలు, సాధారణంగా మూడు. ఎక్కువ పోస్తే పట్టీ మునిగిపోతుంది, తక్కువైతే ద్రవం చివరిదాకా పాకదు. కిట్ పనిచేస్తోందని చూపే ‘సి’ దగ్గర గీత రాకపోతే, ఫలితం చూపే ‘టి’ దగ్గర ఏమున్నా ఆ టెస్టు చెల్లదు. ఐదు నిమిషాలకు చూడాలి. అరగంట తర్వాత ఎండిన పట్టీ మీద బూడిద రంగులో కనిపించే చార మూత్రం ఆరిన మరక కావచ్చు. సమయంలోపు పడ్డ గులాబీ రంగు గీత ఎంత పలచగా ఉన్నా గీతే. రెండు రోజుల తర్వాత కొత్త కిట్‌తో చూస్తే ముదరాలి. ఆశా కార్యకర్తల దగ్గర ఉచితంగా దొరికే ‘నిశ్చయ్’ కిట్‌కూ ఇదే పద్ధతి. చక్కెర, ఉప్పు, టూత్‌పేస్ట్‌లో మూత్రం పోసి నురగ చూసే వంటింటి పరీక్షలకు హెచ్‌సీజీతో ఏ సంబంధమూ లేదు.

అండం విడుదల కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు తొందరపడకూడదు. 10,000 యూనిట్ల సూది తాలూకు హార్మోన్ పది నుంచి పద్నాలుగు రోజులు ఒంట్లో ఉండి ఉత్తుత్తి గీత చూపిస్తుంది. ఐవీఎఫ్‌లో ఐదు రోజుల పిండాన్ని గర్భాశయంలో పెట్టాక ఆసుపత్రి చెప్పిన రోజునే రక్తంలో బీటా హెచ్‌సీజీ (ఇదే హార్మోన్ మోతాదు) చూసేది కూడా అందుకే. నెలసరి కోసం ప్రొజెస్టరాన్ మాత్రలు వాడేవాళ్లకు మరో చిక్కుంది: వాడినన్ని రోజులూ ఆ మాత్రలే నెలసరిని ఆపుతాయి. నెల తప్పినట్టు అనిపిస్తుంది గానీ కిట్ ఫలితాన్ని అవి మార్చవు.

‘రక్తం చుక్క కనిపించింది, పిండం అతుక్కుందేమో’ అని చాలామంది అనుకుంటారు. నార్త్ కరోలినా స్త్రీల రికార్డుల్లో గర్భం నిలిచినవాళ్లలో కొందరికి అలా కనిపించింది నిజమే. కానీ అతుక్కున్న రోజుతో పొంతన కుదరలేదు. దాన్ని చూసి రోజులు లెక్కపెట్టడం దండగ.

రక్త పరీక్షలో హెచ్‌సీజీ మిల్లీలీటరుకు 5 మిల్లీయూనిట్ల కంటే తక్కువైతే గర్భం లేనట్టే, 25 దాటితే ఉన్నట్టే. మధ్యలో ఉంటే 48 గంటలు ఆగి అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించాలి. ల్యాబ్ మారితే అంకెలు పోల్చడం కష్టం. పెరుగుదల మందకొడిగా ఉంటే గర్భం సరిగా నిలవకపోవడమో, అండవాహికలోనే ఉండిపోవడమో కావచ్చు. రెండోది ప్రమాదం. కిట్ రెండు గీతలూ చూపిస్తుంది గానీ పిండం ఎక్కడుందో చెప్పదు. అది తెలిసేది స్కానింగ్‌లో, చివరి నెలసరి నుంచి ఐదారు వారాలకు. ఈలోపు పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే స్కాన్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.