షెడ్డు ముందు మంచుకుప్ప

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నవాడు అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. "తాతయ్యా, ఎండ బాగా కాస్తోంది. గడ్డి మీది మంచు అంతా పోయింది. మేము షెడ్డు ముందు పోసిన కుప్ప మాత్రం అలాగే ఉంది. సైకిళ్లు, గుడారం దాని వెనకాలే ఉన్నాయి. మరి సరస్సు దగ్గరికి ఎప్పుడు వెళ్తాం?" అన్నాడు. అంటూ ఉండగానే గొంతు బొంగురుపోయింది.

ఆ కుప్ప మీ చేతుల కష్టమే కదా! చలికాలమంతా దారికి అడ్డుపడిన మంచును పారలతో నెట్టి నెట్టి అక్కడ చేర్చారు. డిసెంబరులో పడిన మంచు అడుగున ఉంది, ఫిబ్రవరిలో పడినది పైన ఉంది. నేలమీద పలచగా పరుచుకున్న మంచుకు పైనుంచి ఎండ తగిలింది, కింద నేల కూడా వెచ్చబడింది. అది త్వరగానే పోయింది. కుప్ప సంగతి వేరు. అది బొంత కప్పుకుని పడుకుంది.

బొంత మనకు వేడినిస్తుందని అనుకుంటాం. నిజానికి ఇవ్వదు. దూది మధ్య చిక్కుకున్న గాలి ఇటు వేడిని అటు పోనివ్వదు, అంతే. లోపల ఉన్నది వెచ్చని పిల్లాడైతే వెచ్చగానే ఉంచుతుంది, చల్లని వస్తువైతే చల్లగానే ఉంచుతుంది. మంచులోనూ అలాగే బోలెడు గాలి ఉంటుంది. అప్పుడే పడిన మంచు పది సెంటీమీటర్లు కరిగిస్తే సుమారు ఒక సెంటీమీటరు నీరు వస్తుంది, మిగిలినదంతా గాలే. కుప్పగా పోశాక పాత బొంతలో దూది ఉండకట్టినట్టు అణిగిపోతుంది కానీ, గాలి పూర్తిగా పోదు. పైపొర లోపలి పొరలకు బొంత అవుతుంది, ఆ లోపలిది ఇంకా లోపలిదానికి. పైగా ఈ బొంత తెల్లనిది. కొత్త మంచు తనమీద పడ్డ వెలుగులో నూటికి 80 పాళ్లకు పైగా వెనక్కి పంపేస్తుంది.

నా చిన్నతనంలో నాకు తెలిసిన మంచు ఒక్కటే, ఐసు దిమ్మ. వేసవి సెలవుల్లో మా నాన్న దాన్ని రంపపు పొట్టులో దొర్లించి, గోనెపట్టాలో చుట్టి, సైకిలు వెనక కట్టి తెచ్చేవారు. తడిసిన గోనె వాసన ఇప్పటికీ గుర్తుంది. ఎనిమిదేళ్ల నాకు ఆ దిమ్మ మీద జాలి కలిగింది. ఇంత ఎండలో గోనె కప్పితే దానికి ఉక్కపోయదా అనుకున్నాను. ఎవరూ చూడకుండా గోనె విప్పి, అంటుకున్న పొట్టు ఒక్కొక్క రేణువూ వేలితో తుడిచి, చెట్టు నీడలో పెట్టాను. పెద్దవాళ్లు నిద్ర లేచేసరికి పళ్లెం నిండా నీళ్లు, మధ్యలో పిడికెడు ముక్క. నాన్న ఒక్క మాట అనలేదు. మరుసటి ఆదివారం దిమ్మను రెండుగా పగలగొట్టి, ఒకటి చుట్టి, ఒకటి విప్పి నా ముందు పెట్టి, "కూర్చుని చూడు" అన్నారు. మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

తర్వాత చదువుకుంటే తెలిసింది, 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో సుమారు 180 టన్నుల మంచుగడ్డలు పంపారట. నాలుగు నెలలు సముద్రం మీద ప్రయాణించి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి కూడా, సగానికి పైగా గడ్డగానే చేరాయి. చుట్టూ కప్పిన పొరల మహిమే అది.

ఇంకొక్కటి చెబుతాను. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న కిలో మంచు కరిగి అదే సున్నా డిగ్రీల నీరు కావడానికి ఎంత వేడి కావాలో, అంత వేడితో ఆ నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. వేలు పెట్టలేనంత వేడి! అదంతా మంచు గుటుక్కున మింగేసి, ఒక్క డిగ్రీ కూడా పైకి చూపించదు. ఎందుకలా అని లోతుగా అడిగితే ఈ ఉత్తరం చాలదు. నాకైతే ఇన్నేళ్లయినా అది ఆశ్చర్యమే.

ఇక మీరు చేయవలసింది. ఎండెక్కాక పారతో కుప్ప అంచులు పగలగొట్టి, ఎండ తగిలేచోట పలచగా పరచండి. తడి మంచు చాలా బరువు, కాబట్టి పారలో సగమే తీసుకోండి, నడుము కాక మోకాళ్లు వంచండి. నీరు పోయే కాలువ మూతి మూసేయకండి. మూశారో, నీరు దారిమీదికి వచ్చి రాత్రికి గాజులా గడ్డకడుతుంది, పక్కింటి పెద్దావిడ జారిపడతారు. మీ దారి అయ్యాక ఆవిడ గుమ్మం ముందు కూడా శుభ్రం చేయండి, ఎవరూ చెప్పకుండానే. రోడ్డు పక్క కుప్పల్లో మాత్రం సొరంగాలు తవ్వకండి. అవి కూలతాయి. మంచు తోసే బండి నడిపేవాడికి లోపల ఉన్న మీరు కనబడరు.

కుప్ప మీద ఒక పక్క నల్లమట్టి పొడి పలచగా చల్లండి. నలుపు ఎండను తాగుతుంది. గుప్పిళ్లతో మందంగా పోశారంటే అది మరో బొంతే అవుతుంది! రెండో పక్క తెల్లగా వదిలేయండి. రెండు పక్కలా ఒక్కో పుల్ల గుచ్చి, రోజూ సాయంత్రం ఎంత బయటపడిందో గీత పెట్టండి.

షెడ్డు తలుపు తెరుచుకున్న రోజు సైకిళ్ల టైర్లలో గాలి కొట్టుకుని హాయిగా బయలుదేరండి. వెళ్లేముందు ఒక్క నిమిషం ఆగి, కుప్ప కింద ఇన్నాళ్లూ నలిగిన గడ్డి ఏ రంగులో ఉందో వంగి చూసి నాకు రాయండి.

మీ తాతయ్య