నేరేడు రంగును కొలవడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేరేడు, బ్లూబెర్రీ, బ్లాక్‌బెర్రీలకు ఆ రంగు ఆంథోసయనిన్లనే పదార్థాల వల్ల వస్తుంది. పండ్లలోనూ, తిన్నవాళ్ల రక్తం, మూత్రంలోనూ వాటిని, అణువుల బరువు చెప్పే మెషీన్ అయిన మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలవడం నా పని.

అపోహ: మెషీన్ బరువు చెప్పిందంటే అదేంటో తెలిసిపోయినట్టే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. నేరేడులో ఉండే, ఆంథోసయనిన్ల మూల రంగుల్లో ఒకటైన డెల్ఫినిడిన్‌కు పుట్టుకతోనే ధనావేశం ఉంటుంది. అంటుకున్న చక్కెరలు మెషీన్‌లో ఊడిపోయాక అది 303 బరువు దగ్గర కనిపిస్తుంది. ఉల్లిపాయలో ఉండే, ఆంథోసయనిన్ కాని క్వెర్సెటిన్ ఒక ప్రోటాన్‌ను తగిలించుకుంటే అదీ 303. రెండు అయాన్ల ఫార్ములా కూడా ఒక్కటే: సి15హెచ్11ఓ7. అందుకే కోట్లు పోసి హై రిజల్యూషన్ మెషీన్ కొన్నా బరువును బట్టి వాటిని విడదీయలేం. ఇంకో మూల రంగు సయనిడిన్, క్వెర్సెటిన్ జాతిదే అయిన కెంఫెరాల్‌లదీ ఇదే గొడవ, రెండూ 287. కాలమ్ (పదార్థాలను వేర్వేరుగా బయటికి పంపే గొట్టం) మీద విడగొట్టాలి, ఆంథోసయనిన్లలా 520 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటోందా చూడాలి, స్టాండర్డ్ (అదేంటో ముందే తెలిసిన శుద్ధ పదార్థం) నడిపి పోల్చాలి. చక్కెరతోనూ తిప్పలే. సయనిడిన్‌కు గ్లూకోజ్ ఉన్నా గెలాక్టోజ్ ఉన్నా 449 వస్తుంది. బ్లాక్‌బెర్రీలో ప్రధానంగా ఉండేది మొదటి రకం, అరోనియా అనే నల్లటి బెర్రీలో రెండోది. బరువొక్కటే చూసి పేరు రాసేసిన రిపోర్టును నేను నమ్మను.

అపోహ: రంగు పోతే పదార్థం పోయినట్టే.

వాస్తవం: పీహెచ్ 1 దగ్గర ఎర్రగా ఉండేది 4.5 దగ్గర దాదాపు రంగు లేకుండా అయిపోతుంది. మళ్లీ యాసిడ్ పోస్తే ఎరుపు తిరిగొస్తుంది. రక్తం పీహెచ్ 7.4 దగ్గర మాత్రం నిజంగానే విరిగిపోతుంది, కాబట్టి ప్లాస్మాలో వెంటనే ఆమ్లం కలిపి ఫ్రీజ్ చేస్తాం. (బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రబడితే టెన్షన్ పడకండి. అది బీటాలెయిన్లనే వేరే రంగు పదార్థాల పని, ఆంథోసయనిన్లకు సంబంధం లేదు.)

అపోహ: రక్తంలో ఆ రంగు పదార్థం దొరకలేదంటే ఒంటికి పట్టనట్టే.

వాస్తవం: 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో 8 మంది మగవాళ్లకు 500 మిల్లీగ్రాముల సయనిడిన్ గ్లూకోసైడ్ (గ్లూకోజ్ అంటుకున్న సయనిడిన్) ఇచ్చారు. అందులో ఐదు కార్బన్లు బరువైన కార్బన్-13. మూత్రంలో, ఊపిరిలో కలిపి ఆ కార్బన్ 12 శాతం దాకా తేలింది. శరీరంలో దొరికిందాంట్లో చాలావరకు ప్రోటోకాటెచుయిక్, హిప్యూరిక్ ఆమ్లాల్లాంటి ముక్కలే. ఆ గుర్తు కార్బన్ లేకపోతే ఈ లెక్క తేలదు. ఎందుకంటే టీ తాగినా హిప్యూరిక్ ఆమ్లం వస్తుంది, కొన్న పచ్చడిలోని సోడియం బెంజోయేట్ కూడా ఒంట్లో అలాగే మారుతుంది. అందుకే శాంపిల్ తీసేముందు వలంటీర్లను ఏ పచ్చడి వేసుకున్నారో కూడా అడుగుతాం.