పేలుడు ఆగాక మొదలయ్యే చావు: గనిలో కార్బన్ మోనాక్సైడ్‌ని ఊడ్చేయడం ఎందుకంత కష్టం

మా గోదావరిఖని వైపు బావి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు బావి. ఎక్కడో ఏ దేశంలోనో గని పేలిందని టీవీలో వస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు, "పెద్ద ఫ్యాన్ పెట్టి ఆ గ్యాస్ మొత్తం గుంజేసి లోపలికి పోవచ్చు కదా, రెస్క్యూ వాళ్ళు బయట నిలబడి ఏం చేస్తున్నరు" అని. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దీని జవాబుకి 130 ఏళ్ల కథ ఉంది.

1896 జనవరిలో వేల్స్‌లో టైలర్స్‌టౌన్ గని పేలి 57 మంది పోయారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే డాక్టరు అక్కడికెళ్లి శవాల్ని చూశాడు. పేలుడు అంటే మంటకో దెబ్బకో పోయుంటారని జనం అనుకుంటారు కదా, ఈయన చూసినవాళ్ళలో ఎక్కువమంది పోయింది కార్బన్ మోనాక్సైడ్ వల్ల, చర్మం గులాబీ రంగులోకి తిరిగి నిద్రపోతున్నట్టు ఉన్నారు. ఈ గ్యాస్ రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది, ఇక ఆక్సిజన్‌కి చోటుండదు. హాల్డేన్ అంతకుముందే ఆ గ్యాస్ తానే పీల్చి ఎంతసేపటికి ఏమవుతుందో రాసుకున్న మనిషి, కాబట్టి ఆయనకిది కొత్తేం కాదు. పేలుడు తర్వాత మిగిలే ఈ గాలిని ఇంగ్లిష్ గనుల్లో ఆఫ్టర్‌డ్యాంప్ అంటారు. డ్యాంప్ అంటే ఇక్కడ తేమ కాదు, జర్మన్‌లో ఆవిరి అనే మాట నుంచి వచ్చింది.

చిక్కేంటంటే దీనికి రంగు లేదు, వాసన లేదు. 1815లో వచ్చిన సేఫ్టీ ల్యాంపు మీథేన్ (బొగ్గులోంచి వచ్చే, మంటంటుకునే గ్యాస్) ఉంటే మంట పొడవై చెబుతుంది, ఆక్సిజన్ తగ్గితే ఆరిపోతుంది, కానీ మనిషిని చంపడానికి సరిపోయే కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా ఆ దీపం హాయిగా వెలుగుతూనే ఉంటుంది. దీపాన్ని నమ్మి లోపలికెళ్లిన రెస్క్యూ వాళ్ళు కూడా కూలిపోయేవాళ్ళు. అందుకే హాల్డేన్ ఎలుకల్ని, కెనరీ పిట్టల్ని తీసుకెళ్లమన్నాడు, మనిషి కంటే ముందు పిట్ట పడిపోతుంది కాబట్టి. కొన్ని పంజరాలకి చిన్న ఆక్సిజన్ సిలిండర్ కూడా ఉండేది, పిట్ట పడిపోగానే తలుపు మూసి మళ్ళీ బతికించడానికి (ఇది నాకు భలే నచ్చిన విషయం). బ్రిటన్‌లో వీటికి రిటైర్మెంట్ ప్రకటించింది 1986లో, అంటే కంప్యూటర్లు వచ్చాక కూడా పిట్టలే డ్యూటీ చేశాయి.

సరే, ఫ్యాన్ సంగతి. పేలుడు జరిగితే మొట్టమొదట పోయేది గాలి దారే. గనిలో గాలి దానంతటది తిరగదు, గోడలు, తలుపులు, స్టాపింగులు (గాలి పక్కదారి పట్టకుండా కట్టే అడ్డుగోడలు) కట్టి ఇటు నుంచి లోపలికి, అటు నుంచి బయటికి అని దారి పెడతారు. పేలుడు దెబ్బకి అవి కూలిపోతే ఫ్యాన్ ఎంత తిప్పినా గాలి దగ్గరి దారిలోంచి తిరిగొచ్చేస్తుంది, మూలన ఇరుక్కున్నవాళ్ళ దాకా పోదు. అందుకే రెస్క్యూ టీము మంచి గాలి ఉన్నచోట బేస్ పెట్టుకుని, పడిపోయిన స్టాపింగుల బదులు గుడ్డ పరదాలు కట్టుకుంటూ, కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతుంది.

అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే పేలుతుంది. 15 దాటితే పేలదు, ఎందుకంటే దానికి చాలినంత ఆక్సిజన్ ఉండదు. ఇప్పుడు అలాంటి చోటికి మంచి గాలి పంపిస్తే ఏమవుతుంది, శాతం తగ్గి సరిగ్గా పేలే స్థాయికి దిగుతుంది, లోపల ఎక్కడో నిప్పు ఉంటే అయిపోయినట్టే. 1976 మార్చిలో అమెరికాలోని కెంటకీలో స్కోషియా గని 9న పేలి 15 మంది పోయారు, 11న మళ్ళీ పేలి లోపలికెళ్లిన 11 మంది పోయారు. 2010లో న్యూజిలాండ్ పైక్ రివర్‌లో 29 మంది లోపల ఉండగా టీముల్ని ఆపేశారని కుటుంబాలు మండిపడ్డాయి, అయిదో రోజు అది కూడా రెండోసారి పేలింది.

పోనీ గాలి ఆపేద్దామా అంటే అది ఇంకా ఘోరం. 1942 ఏప్రిల్ 26న జపాన్ చేతిలో ఉన్న చైనా బెన్షీహు గనిలో పేలుడు జరిగితే మంట ఆర్పాలని ఫ్యాన్లు ఆపి బావి మూతి మూసేశారు. మొత్తం 1,549 మంది పోయారు, ఎక్కువమంది చచ్చిపోయింది కార్బన్ మోనాక్సైడ్‌తోనేనని యుద్ధం అయ్యాక తేలింది. ఫ్రాన్స్‌లో 1906 మార్చి 10న కూరియేర్ గనిలో 1,099 మంది పోయారు, అక్కడ మూడు రోజులకే వెతకడం ఆపేశారు, కానీ ఇరవై రోజులకి 13 మంది చీకట్లో దారి వెతుక్కుంటూ వచ్చేశారు, ఆ తర్వాత ఇంకొకతను దొరికాడు. లోపల ఎవరూ బతికుండరు అనే మాట వింటే నాకు ఈ 13 మందే గుర్తొస్తారు.

మరి ఆ గ్యాస్‌ని లోపలే వేరేదిగా మార్చేయొచ్చు కదా? మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా యూనివర్సిటీల వాళ్ళు మాంగనీస్, కాపర్ ఆక్సైడ్లు కలిపి ఒక పొడి చేశారు, రెండు పేర్లు కలిపి హాప్కలైట్ అన్నారు. మామూలు వేడిలోనే కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్ చేసేస్తుంది. గనికి ఎందుకు పనికిరాదంటే, తేమ తగిలితే ఇది చచ్చిపోతుంది, గనిలో తేమకి కొదవా? పైగా వేడి. గాలిలో 1 శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉంటే మార్పిడికి ఆ గాలి వేడి సుమారు 90, 100 డిగ్రీలు పెరుగుతుంది. ఇక సైజు, 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గ్యాలరీ (గనిలో సొరంగం లాంటి దారి) ఒక్క కిలోమీటరుకే 10,000 ఘనపు మీటర్ల గాలి, పెద్ద గనుల్లో అలాంటివి పదుల కిలోమీటర్లు. పేలుడు తర్వాత కరెంటు కూడా ఉండదు.

అందుకే గనిని కడగడం వదిలేసి మనిషి నోటి దగ్గర గాలిని కడగడం మొదలుపెట్టారు. హాప్కలైట్‌ని చిన్న డబ్బాలో పెట్టి, తేమ పీల్చే మందు తోడు పెట్టి, నడుముకి కట్టుకునే సెల్ఫ్ రెస్క్యూయర్ చేశారు. గ్యాస్ ఎక్కువుంటే పీల్చే గాలి నోరు కాలేంత వేడెక్కుతుంది, డబ్బా చెడిపోయిందేమో అని తీసి పారేయొద్దు, వేడెక్కిందంటే పనిచేస్తోందని ట్రైనింగ్‌లో మళ్ళీ మళ్ళీ చెప్పాల్సిన పరిస్థితి. ఆక్సిజనే లేనిచోట మాత్రం ఇది దండగ, అక్కడ ఆక్సిజన్ తయారుచేసే డబ్బా కావాలి. ఇంత ముందు వచ్చిన వస్తువు బ్రిటన్‌లో ప్రతి కార్మికుడి నడుముకి చేరింది 1967లో స్కాట్లాండ్ మైఖేల్ గని అగ్నిప్రమాదంలో 9 మంది పోయాకే. యాభై ఏళ్లు!

మన దగ్గర కూడా ఇలా చావుల వెనకే రూల్స్ వచ్చాయి. 1936 డిసెంబర్‌లో బెంగాల్ పోయిడీ గనిలో 209 మంది పోయాక 1939లో రెస్క్యూ రూల్స్ వచ్చాయి. 1965లో ధోరీలో 268 మంది పోయారు. సింగరేణిలో అయితే మన గోదావరి లోయ బొగ్గు దానంతటదే వేడెక్కే రకం, అందుకని కార్బన్ మోనాక్సైడ్ ఇక్కడ విషమే కాదు, లోపల ఎక్కడో నిప్పు రాజుకుంటోందని చెప్పే కబురు కూడా, గాలి శాంపిల్స్ తీసి చూస్తూనే ఉండాలి.

బతికి బయటపడితే కథ అయిపోయినట్టేనా అంటే జపాన్ మిఈకే చూడండి. 1963 నవంబర్ 9న బొగ్గు దుమ్ము పేలి 458 మంది పోయారు, 839 మందికి ఈ గ్యాస్ సోకింది, చాలామందికి మెదడు దెబ్బతిని జ్ఞాపకం పోయింది. ప్రత్యేక చట్టం కావాలని 1967లో వాళ్ళ భార్యలు బావిలోకి దిగి కూర్చున్నారు.

2006 జనవరి 2న అమెరికా సేగో గనిలో ఈ కథంతా ఒకేచోట కనిపించింది. 13 మంది లోపల ఇరుక్కున్నారు, వాళ్ళలో 12 మంది పరదా కట్టుకుని దాని వెనక కూర్చున్నారు, సమ్మెటతో పైకప్పు బోల్టుల్ని కొట్టి సిగ్నల్ ఇచ్చారు, పైన ఎవరికీ వినపడలేదు. పైనుంచి రంధ్రం వేసి చూస్తే కార్బన్ మోనాక్సైడ్ 1,300 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 1,300 పాళ్లు), ఎనిమిది గంటల డ్యూటీకి పరిమితి 50. గంటసేపు వచ్చే ఆక్సిజన్ డబ్బాల్లో నాలుగు పనిచెయ్యలేదని బతికిన ఒక్కడు తర్వాత చెప్పాడు. మిగతా 12 మందీ పోయారు. ఆ ఏడాదే చట్టం మార్చారు, ఇప్పుడు అక్కడి గనుల్లో 96 గంటలు గాలి సరిపోయే ఆశ్రయం గదులు ఉండాలి. ఆ గది తలుపు బయట మాత్రం గ్యాస్ అలాగే ఉంటుంది, ఎవరో ఒకరు పరదాలు కట్టుకుంటూ అక్కడిదాకా వచ్చేవరకు.