ఊరి కుర్రాళ్ల నాటకం ఎక్కడ ఆగింది

శ్రీరామనవమి పందిళ్లు వేసేటప్పుడు కందుకూరు, కనిగిరి వైపు ఊళ్లలో ఏటా వినపడే మాటే: "మన పిల్లోళ్లు నాటకం కట్టడం మానేశారు." తప్పు సినిమాదంటారు, టీవీదంటారు, ఇప్పుడైతే సెల్‌ఫోన్‌ది. అసలు దెబ్బ అంతకు ముందే తగిలిందని నాకనిపిస్తుంది.

మన వైపు నాటకం సరదా కొద్దీ వేసినవాళ్లతోనే మొదలైంది. ఒంగోలు మిషన్ స్కూలు టీచరు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు దగ్గర వేషం కట్టిన కుర్రాడే టంగుటూరి ప్రకాశం. 1899లో నెల్లూరులో వేదం వేంకటరాయశాస్త్రి ఆధ్వర్యంలో ఆంధ్ర భాషాభిమాని సమాజం వెలిసింది. ఆయన రాసిన 'ప్రతాపరుద్రీయం' నాటకంలో చాకలి పేరిగాడు ఇంట్లో మాట్లాడే మాటే రంగస్థలం మీదా మాట్లాడతాడు. ఊరి మాటకు దక్కిన ఆ గౌరవం చిన్నది కాదు.

పల్లెల్లో హాలు ఎక్కడిది? మా నాయన చెప్పేవాడు: రామాలయం ముందు రెండు బండ్లు జతచేసి, పైన బల్లలు పరిచి, ఇంట్లో దుప్పట్లే తెరలుగా కట్టేవాళ్లట. వెలుగు పెట్రోమాక్స్ లైట్లది. హార్మోనియం మేష్టారు పొరుగూరి నుంచి వచ్చి రెండు మూడు నెలలు ఉండేవాడు. భోజనం ఇంటికో పూట, వంతులవారీగా. అక్షరం రాని కుర్రాడు కూడా ఆయన నోట విని పద్యమంతా పట్టేసేవాడు. మా నాయనకు అర్జునుడి పద్యాలు అలా వచ్చినవే. ముసలితనంలో కూడా పొలం గట్టు మీద రాగం తీసేవాడు.

తర్వాత కాంట్రాక్టు నాటకాలొచ్చాయి, అంటే డబ్బిచ్చి బయటి నటుల్ని రప్పించి వేయించేవి. పేరున్న నటులు ఒక్కో సీనుకు దిగేవాళ్లు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే నాటకంలో ఒకే పాత్రకు వేరువేరు నటులు. ఆ గొంతులు విన్న జనానికి ఊరి కుర్రాడి పద్యం ఆనలేదు. చందాలన్నీ అటే పోయాయి, మేష్టారి అవసరం తీరిపోయింది. సినిమా వచ్చేటప్పటికే మనవాళ్లు బల్ల దిగి చాపల మీద కూర్చున్నారు.

మళ్లీ లేవలేదని కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి రైతు గోడును నాటకం చేసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత కళాజాతాలు, అంటే చదువుకోమని ఊరూరా తిరిగి ఆడిపాడే బృందాలు, తెరా, కిరీటం లేకుండానే వీధుల్లో ఆడాయి. ఆ జిల్లాలోనే రాత్రి బడిలో చదువుకున్న దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

నవమి చందాల్లో కొంత తీసి, రెండు నెలలు ఒక మేష్టారిని ఊళ్లో ఉంచుకోమనే నేను అడిగేది. వంతు భోజనాల్లో మొదటి పూట మా ఇంట్లోనే.